ఇంటింటికీ ఇరవై నాలుగు

"ఇకమీదట ఎండాకాలం గానీ, చలికాలం గానీ ప్రజల ఇళ్ళలోకి రావాలంటే ప్రజల అనుమతి తీసుకునే రావాలి!" అని మంత్రిగారు ప్రకటించారు.

ప్రకటించింది టౌన్‌హాల్లో. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల ముందు వరుసలోని పెద్దమనుషులు చలికి తట్టుకోలేక చేతులు చంకల్లో దోపుకుని కూర్చున్నారు. మంత్రిగారు కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఎండల్లో మాడిపోతున్న ప్రజల్ని తలచుకుని గద్గద స్వరంతో మాట్లాడారు.

"ఏడాది పొడుగునా ప్రతి ఇంట్లో ఇరవై నాలుగు డిగ్రీలు! ఇరవై మూడు కాదు, ఇరవై అయిదు కాదు. రేకుల ఇల్లయినా, నా బంగళా అయినా రూలు ఒకటే! ఏసీ మెషిన్‌కి సగం ఖర్చు మీది, సగం మాది. ఘనత మాత్రం..." ఆయన ఒక్క క్షణం ఆగి, ఉదారంగా "మనందరిదీ" అన్నారు.

హాలు చప్పట్లతో మార్మోగింది. చప్పట్లు కొడితే చేతులు కాస్త వెచ్చబడతాయి కదా.

మాట తప్పడం మంత్రిగారికి చేతకాదు. ఇంతకుముందు రోడ్ల శాఖ చూసినప్పుడు "నెల తిరిగేసరికి ఈ దేశంలో గుంత అన్నది కనపడకూడదు" అన్నారు. అన్నట్టే నెల తిరక్కుండా గుంతలన్నిటికీ 'సహజ వేగ నియంత్రకాలు' అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఎంత వెతికినా రికార్డుల్లో ఒక్క గుంత దొరకలేదు. అంతటి కార్యదక్షుడికి వాతావరణం ఒక లెక్కా?

హాల్లో చివరి వరుసలో ఒక దర్జీ కూర్చుని ఉన్నాడు. నిజం చెప్పాలంటే అతను ఉపన్యాసం కోసం రాలేదు, ఓ గంట చల్లగా కూర్చోవచ్చని వచ్చాడు. కానీ 'ఇరవై నాలుగు' అన్న మాట చెవిన పడగానే నిటారుగా కూర్చున్నాడు. ఆ అంకెతో అతనికి చాలా పని ఉంది.

వీధిలో అతన్ని 'రేపు మాస్టారు' అంటారు. చెయ్యి మంచిది. అతను కుట్టిన చొక్కా వేసుకుంటే గూనివాడు కూడా నిలువుగా కనిపిస్తాడని పేరు. కాకపోతే ఎప్పుడు వెళ్ళి అడిగినా "కాజాలు మిగిలాయండీ, రేపు రండి" అంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. పెళ్ళికని ఇచ్చిన సూటు ఆ పెళ్ళికొడుకు పిల్లవాడి పుట్టినరోజుకి అందిన సందర్భాలున్నాయి.

అతని ఇల్లు మూడో అంతస్తు మీద రేకుల గది. ముందు భాగంలో కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల. వెనక భాగంలో పొయ్యి, మంచం. వేసవి వచ్చిందంటే ఇస్త్రీపెట్టెను స్విచ్చి ఆపినా చల్లారేది కాదు. చలికాలంలో వేళ్ళు కొంకర్లుపోయి సూదిలోకి దారం ఎక్కించడానికే పూట గడిచిపోయేది. అతని 'రేపు'ల్లో సగం పాపం ఆ రేకుదే.

పోయిన చలికాలంలో భార్య కాన్పుకి పుట్టింటికి వెళ్ళి ఆడపిల్లను కన్నది. ఇంటికి రమ్మని అడిగితే, "ఐస్‌పెట్టెలోకి పసిదాన్ని తేను" అంది. సరే, ఎండలు వచ్చాక అడిగాడు. "పెనం మీదికి అసలే తేను. ఇల్లు మనుషులు ఉండేట్టు అయ్యాక ఫోన్ చెయ్యండి, వస్తాం" అంది. పిల్లకి అయిదో నెల. మాస్టారు ఆదివారాలు మాత్రం వెళ్ళి చూసి వస్తున్నాడు. వెళ్ళిన ప్రతిసారీ పిల్ల అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసి, గుక్కపట్టి ఏడుస్తుంది. ఇన్నేళ్ళలో సూది ఎన్నిసార్లు గుచ్చుకుందో లెక్కలేదు గానీ, ఏదీ అంత లోతుకు దిగలేదు.

అందుకే రెండు నెలలుగా అతను మెషిన్ల కొట్ల చుట్టూ తిరుగుతున్నాడు. మొదటి కొట్లోనే సేల్స్‌మన్ ఆప్యాయంగా పట్టుకున్నాడు.

"మీకు రెండున్నర టన్నులది ఉండాలి సార్. ఇది మాట్లాడుతుంది కూడా."

"ఏమని?"

"మీరు తలుపు తియ్యగానే 'ఇంటికి స్వాగతం' అంటుంది సార్."

"ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే. మనిషి స్వాగతం చెప్తే బాగుండు అని కదయ్యా ఈ మెషిన్ కోసం తిరుగుతున్నాను" అన్నాడు మాస్టారు.

అతన్ని ఆ కొట్లోంచి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది బావమరిది. భార్యకి తమ్ముడు. ఏసీలు బిగించడం, విప్పడం, వాటిని తిట్టడం అతని వృత్తి.

"బావా, చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టు, రేకుల గదిలో ఎన్ని టన్నులు పెడితే ఏం లాభం? ముందు రేకు కింద సీలింగు వెయ్యి. వేడి దిగకుండా మధ్యలో ఊలు పరుపు పరుచు. తలుపు కింద రబ్బరు పట్టీ, కిటికీకి మందపాటి తెర. ఆ తర్వాత ఒక్క టన్ను హాట్ అండ్ కోల్డ్ మెషిన్ చాలు. ఎండల్లో చల్లన, చలిలో వెచ్చన. రెండు మెషిన్లు అక్కర్లేదు, మాటలు అసలే అక్కర్లేదు" అని, ఇదంతా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టాడు.

లెక్క వేస్తే మాస్టారి దగ్గర సరిగ్గా సగానికే ఉంది. మిగతా సగం కోసం దిక్కులు చూస్తున్న మనిషి చెవిలో మంత్రిగారు తేనె పోశారు.

"పథకమా?" అని బావమరిది మూతి విరిచాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు బావా. అక్కకి అప్పుడే ఫోన్ చెయ్యకు."

మాస్టారు అప్పటికే చేసేశాడు.

పథకం ఆఫీసు పేరు 'సమశీతోష్ణ భవనం'. మర్నాడు పొద్దున్నే మాస్టారు దరఖాస్తు పట్టుకుని మూడో కిటికీ దగ్గర నిలబడ్డాడు. కిటికీ వెనక గుమాస్తా స్వెటర్ వేసుకుని కూర్చున్నాడు.

"మీ ఇల్లు ముప్ఫై డిగ్రీలు దాటితేనే సాయం. దాటిందని రుజువేదీ?"

"ఎవరైనా వచ్చి చూసుకోండి సార్. గది నడిమధ్య అయిదు నిమిషాలు నిలబడితే చాలు."

"మనుషులు నిలబడితే రుజువవదు. ఉష్ణమాపకం నిలబడాలి. ప్రపంచస్థాయి టెండరు పిలిచి కొన్నాం, దేశం మొత్తానికీ అదొక్కటే. ఆఫీసు దాటి బయటికి పంపకూడదని రూలు."

"మరి మా ఇల్లు కొలిచేదెట్లా?"

గుమాస్తా జాలిగా నవ్వి, గోడ మీది బోర్డు చూపించాడు. ఇది ఆ శాఖ ప్రత్యేకాధికారి మెదడులో పుట్టిన ఆలోచన. ఆయన మూడు రోజులు భోజనం మాని ఆలోచించాడట. ఉష్ణమాపకం ఇంటికి పోకూడదు. ఇల్లు ఆఫీసుకి రాలేదు. అయితే ఇంట్లో ఉండేది ఏమిటి? గాలి! గాలిని తీసుకురావడానికి ఏం అడ్డం? ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టకపోవడం చూసి మంత్రిగారు కళ్ళనీళ్ళ పర్యంతమయ్యారని పత్రికల్లో వచ్చింది.

బోర్డు మీద ఇలా ఉంది: 'దరఖాస్తుదారుడు తన ఇంటి గాలిని లీటరు గాజుసీసాలో పట్టి, మూత బిగించి, లక్కముద్ర వేసి, స్వయంగా తీసుకురావలెను. సీసాను ఊపరాదు.'

మాస్టారు మర్నాడు మిట్టమధ్యాహ్నం, రేకు చిటపటలాడుతున్న వేళ సీసా మూత తీసి గది మధ్యలో పెట్టాడు. సీసా నిండేదాకా కాసేపు ఆగాడు. నిండిందో లేదో తెలియక ఇంకాసేపు ఆగాడు. మూత బిగించి, లక్క వేసి, ఊపకుండా ఆఫీసుకి నడిచాడు.

భవనంలో అప్పటికే మూడొందల మంది సీసాలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. ఉష్ణమాపకం ఆరోగ్యం పాడవకుండా హాలునంతా ఖచ్చితంగా ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర ఉంచుతున్నారు. మాస్టారి వంతు నాలుగు గంటల తర్వాత వచ్చింది. గుమాస్తా మూత తీసి, ఉష్ణమాపకాన్ని సీసాలోకి దించి, గంట కొట్టాడు.

"ఇరవై నాలుగు! మీ ఇల్లు ఇప్పటికే సమశీతోష్ణంగా ఉంది. అభినందనలు, ఇదిగో సర్టిఫికెట్టు. తర్వాత?"

"సార్, సీసా ఇక్కడ నాలుగు గంటలు..."

"ఇరవై నాలుగున్న ఇంటికి మెషిన్ ఎందుకయ్యా? అన్నం తిన్నవాడికి ఆకలి సర్టిఫికెట్టు ఇమ్మంటావా? తర్వాత!"

మాస్టారు పట్టు వదిలే రకం కాదు. రెండోసారి సీసాకి కొలతలు తీసి, లోపల దూది పెట్టి, మెడ దాకా వచ్చేట్టు చిన్న ఓవర్‌కోటు కుట్టి తొడిగాడు. చెప్పుకోవలసిన సంగతి ఏమిటంటే, ఆ కోటుని కాజాలతో సహా ఒక్కరోజులో కుట్టేశాడు. పిల్ల ఇంటికి రావాలన్న తొందర అట్లాంటిది. వరుసలో వాళ్ళంతా ఆ కోటుని మెచ్చుకున్నారు. ఇద్దరు ఆర్డరు కూడా ఇచ్చారు. సీసా మాత్రం ఇరవై నాలుగే చూపించింది.

మూడోసారి టీ ఫ్లాస్కులో గాలి పట్టుకుని వెళ్ళాడు. గుమాస్తా ఉష్ణమాపకం దించి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ముప్ఫై తొమ్మిది!"

మాస్టారు మనసులోనే భార్యకి ఫోన్ చేసేశాడు.

"ఇదేమిటిది?" అన్నాడు గుమాస్తా.

"మా ఇంటి గాలి సార్."

"గాలి సంగతి కాదు. ఈ పాత్ర ఏమిటి? ఫ్లాస్కు కాదూ? ఫ్లాస్కు చేసే పని ఏమిటి? వేడిని దాచడం. అంటే నువ్వు వేడిని అక్రమంగా నిల్వ చేసి, ప్రభుత్వ కార్యాలయంలోకి రవాణా చేశావన్నమాట." గుమాస్తా ఫ్లాస్కు మూత తీసి పక్కన పెట్టాడు. అరగంట తర్వాత మళ్ళీ చూసి తృప్తిగా నిట్టూర్చాడు. "ఇరవై నాలుగు. నిజం నిలకడ మీద తేలుతుందని ఊరికే అన్నారా? పో, కేసు పెట్టడం లేదు, సంతోషించు."

ఆ సాయంత్రం భార్య ఫోన్‌లో, "ఏమయింది?" అంది.

"మన ఇల్లు ఇరవై నాలుగేనట. మూడు సర్టిఫికెట్లు ఇచ్చారు."

"అయితే వాటిని పైన కప్పుకుని పడుకోండి" అని పెట్టేసింది. పెట్టేసే ముందు వెనక పిల్ల కేరింత వినిపించింది. మాస్టారు చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు.

రెండు నెలలకి సర్వే ముగిసింది. దేశంలోని ఇళ్ళన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర ఉన్నట్టు తేలింది. మంత్రిగారి బంగళా గాలి కూడా పనివాడి చేతిలో వరుసలో నిలబడి, అందరితోపాటే ఇరవై నాలుగు తెచ్చుకుంది. ఒక్క మెషిన్ కొనకుండా, ఒక్క ఇంటి గడప తొక్కకుండా లక్ష్యం నూటికి నూరు శాతం పూర్తయింది. ఇట్లాంటి పథకం తమ జన్మలో చూడలేదని ఆర్థిక శాఖ వాళ్ళు లేఖ రాశారు. రాత్రింబవళ్ళు ఒకే మాట మీద నిలబడినందుకు ఉష్ణమాపకానికి మంత్రిగారు స్వయంగా ప్రశంసాపత్రం చదివి వినిపించారు.

ఇక మిగిలింది, ఆ ఇరవై నాలుగుని పత్రికలవాళ్ళకి ఒక ఇంట్లో చూపించడం. మూడుసార్లు పరీక్షకి నిలిచి, మూడుసార్లూ నెగ్గిన ఇల్లు దేశంలో ఒక్కటే ఉంది.

ప్రత్యేకాధికారి మూడంతస్తులు ఎక్కి మాస్టారి గదిలోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆయన గది మధ్యలో నిలబడి నలువైపులా చూశాడు. నుదుటి మీంచి చెమట చుక్కలు ఫైలు మీద టపటపా పడుతున్నాయి.

"ఆహా, ఇరవై నాలుగు ఎంత స్పష్టంగా తెలుస్తోంది!" అన్నాడు.

"సార్, మీకు చెమటలు పడుతున్నాయి."

"ఇది నా వ్యక్తిగత చెమట. దీనికీ ఇంటికీ సంబంధం లేదు." ఆయన రుమాలు పిండుకుని విషయంలోకి వచ్చాడు. "వచ్చే శుక్రవారం మంత్రిగారు వస్తారు. ఈ కుర్చీలో అరగంట కూర్చుని, కోటు విప్పకుండా, పత్రికలవాళ్ళ ముందు వేడివేడి టీ తాగుతారు. దేశానికి ఆ ఒక్క ఫోటో చాలు. కోటు నువ్వే కుట్టాలి. 'లబ్ధిదారుడి చేతి కోటు' అని కింద రాస్తారు."

"నాకు కలిగిన లబ్ధి ఏమిటి సార్?"

"మూడు సర్టిఫికెట్లు తీసుకున్నావా లేదా?" అని, ఆయన గొంతు తగ్గించాడు. "ఎందుకైనా మంచిది, మంత్రిగారి ఆరోగ్యం దృష్ట్యా గదిలో చిన్న చిన్న ఏర్పాట్లు చేయిస్తాం. తాత్కాలికం. పర్యటన ముగిసిన గంటలోపు అన్నీ విప్పి స్టోరుకి పట్టుకుపోతాం."

చిన్న ఏర్పాట్లకి కొటేషన్లు పిలిచారు. అందరికన్నా చవగ్గా చేస్తానన్న మెకానిక్‌కి పని దక్కింది. మర్నాడు పొద్దున్నే ఆ మెకానిక్ సామాను మోయించుకుని మెట్లెక్కి, "బావా, కాస్త బల్ల జరుపు" అన్నాడు. జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. సీలింగు, ఊలు పరుపు, రబ్బరు పట్టీ, తెర, ఒక్క టన్ను హాట్ అండ్ కోల్డ్. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు బిగించి, స్విచ్చి వేశాడు.

పావుగంటలో గది చల్లబడింది. మాస్టారు కత్తెర మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. గోడ మీద వేశాడు. గోడ కూడా చల్లగానే ఉంది. అతనికి ఏడుపొచ్చినంత పనయింది. ఫోన్ తీశాడు.

భార్య పిల్లను ఎత్తుకుని వచ్చి, గుమ్మంలోనే నిలబడి, చెయ్యి చాపి లోపలి గాలిని చూసింది. నమ్మకం కుదిరాక అడుగు లోపల పెట్టింది.

"ఎన్నాళ్ళు ఉంటుంది ఇది?"

"మంత్రిగారు వచ్చి వెళ్ళేదాకా."

"ఆయన ఎప్పుడొస్తారు?"

"నేను కోటు కుట్టడం అయ్యాక."

ఆమె మొగుడి మొహంలోకి చూసింది. "పెళ్ళికి ముందు మీకు ఒక జాకెట్టు కుట్టమని ఇచ్చాను. గుర్తుందా?"

"ఉంది."

"అయిందా?"

"కాజాలు మిగిలాయి."

"అయితే తమ్ముడితో చెప్పి పిల్ల ఉయ్యాల కూడా తెప్పిస్తాను" అంది ఆమె.

శుక్రవారం వచ్చింది. ప్రత్యేకాధికారి వచ్చాడు. కోటు రాలేదు. కాలరు సరిగా కూర్చోలేదన్నాడు మాస్టారు. మరుసటి శుక్రవారం లైనింగు కుదరలేదు. ఆ పై శుక్రవారం ఎడమ చెయ్యి కుడి చేతితో రాజీ పడలేదు. "రేపు రండి సార్, తప్పకుండా" అని ప్రతిసారీ టీ ఇచ్చి పంపాడు. ఇన్నేళ్ళుగా వీధి వీధంతా తిట్టిన గుణం ఒక సంసారాన్ని నిలబెడుతుందని ఎవరనుకున్నారు? పిల్ల పాకడం నేర్చుకుంది. మాస్టారిని చూస్తే ఏడవటం మానేసింది. టేపు చివర నోట్లో పెట్టుకుని అతని ఒళ్ళోనే నిద్రపోవడం మొదలుపెట్టింది.

అయిదో శుక్రవారానికి ప్రత్యేకాధికారి ఓపిక నశించింది.

"ఎల్లుండి పర్యటన ఖాయం! కోటు ఉన్నా సరే, లేకపోయినా సరే. రెడీమేడ్ కోటు కొని కారులో పెట్టించాను."

"ట్రయల్ చూడకుండా అట్లా చేస్తే నా పేరు పోతుంది సార్."

"నీ పేరే రేపు! ఇంక పోవడానికి ఏముంది?" అని ఆయన విసురుగా మెట్లు దిగిపోయాడు.

ఆ మాటతో ఇల్లు ఇల్లంతా చిన్నబోయింది. భార్య పిల్ల బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. "నెల రోజులు ఉన్నాం కదా, అదే పదివేలు" అంది చివరికి. పిల్ల టేపు చివర చప్పరిస్తోంది. మళ్ళీ ఆదివారాలు. మళ్ళీ కొత్త మొహం. మాస్టారు బల్ల ముందు కూర్చుని, కుట్టిన చేతినే విప్పి, విప్పిన చేతినే మళ్ళీ కుట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడయింది. ప్రత్యేకాధికారి కాదు. ఫ్లాగున్న కారు కింద వదిలేసి, ఒంటరిగా మూడంతస్తులు ఎక్కి వచ్చిన మంత్రిగారు! మొహం కందగడ్డలా ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ట్రయల్ కావాలన్నావట" అన్నారు రొప్పుతూ.

మాస్టారు కంగారుగా లోపలికి పిలిచి తలుపు వేశాడు. మంత్రిగారు రెండడుగులు వేసి ఆగిపోయారు. కళ్ళు మూసుకున్నారు. గట్టిగా ఊపిరి పీల్చారు. కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకుని కూలబడ్డారు.

"ఇక్కడ ఎంత ఉంటుంది?"

"ఇరవై నాలుగు సార్."

"ఓహో" అన్నారు మంత్రిగారు. "ఇరవై నాలుగంటే ఇదా!"

కోటు తొడిగి, మాస్టారు వెనక నుంచి సుద్దతో గీతలు గీస్తుండగా ఆయన నిలబడే కునికారు. "ఒక్క నిమిషం" అని కత్తిరింపుల బల్ల మీద నడుం వాల్చారు. పిల్ల ఉయ్యాల్లో, మంత్రి బల్ల మీద. ఇద్దరూ అయిదింటిదాకా కదల్లేదు.

లేచాక మంత్రిగారు మొహం కడుక్కుని, కోటు చేతుల్ని శ్రద్ధగా పరిశీలించారు.

"చేతులు పొడుగయ్యాయి."

"లేదు సార్, మణికట్టు దగ్గరికి సరిగ్గా..."

"పొడుగయ్యాయి" అన్నారు మంత్రిగారు నిదానంగా.

మాస్టారు ఆయన కళ్ళలోకి చూశాడు. "అవును సార్. బాగా పొడుగయ్యాయి."

"విప్పి మళ్ళీ కుట్టు. తొందరేం లేదు. నేనే రేపు వస్తాను."

పర్యటన వాయిదా పడింది. 'నాణ్యత విషయంలో మంత్రి రాజీపడరు' అని పత్రికలు మొదటి పేజీలో రాశాయి. సాయంత్రం బావమరిది వచ్చి చెమట తుడుచుకుంటూ కబురు చెప్పాడు: "పెద్ద పని తగిలింది బావా. మొన్న మంత్రిగారి బంగళాలో పదకొండు మెషిన్లు విప్పాం. ఆర్థిక శాఖ ఆర్డరట. ఇరవై నాలుగున్న ఇంటికి మెషిన్లెందుకని."

ఎండలు తగ్గాయి, వానలు పోయాయి, చలి ముదిరింది. బావమరిది వచ్చి మీట అటు తిప్పి వెళ్ళాడు. గది వెచ్చబడింది. మంత్రిగారు రోజూ ట్రయల్‌కి వస్తూనే ఉన్నారు. ఒకరోజు భుజాలు బిగుతయ్యేవి. ఒకరోజు జేబులు కిందికి దిగేవి. మాస్టారి భార్యని "అమ్మాయీ" అని పిలవడం, పిల్ల లేచేట్టుంటే ఉయ్యాల ఓ ఊపు ఊపడం ఆయనకి అలవాటైంది. దేశంలో ఏ మంత్రీ ఒక లబ్ధిదారుడి ఇంటిని ఇంత దగ్గరగా పర్యవేక్షించి ఎరగడు.

అయితే ఆ వెచ్చదనంలోనే ఒక ప్రమాదం పొంచి ఉందని ఎవరూ గమనించలేదు. జన్మలో మొదటిసారి మాస్టారి వేళ్ళు చలికాలంలో కొంకర్లుపోలేదు. దారం ఒక్క ప్రయత్నంలో సూదిలోకి ఎక్కుతోంది. చేతులు వాటంతటవే కదులుతున్నాయి. ఒక మధ్యాహ్నం మంత్రిగారు బల్ల మీద గుర్రు పెడుతుండగా, ఏదో ఆలోచనలో ఉన్న మాస్టారు దారం తెంపి, తల దించి చూసుకున్నాడు. కోటు పూర్తయిపోయింది. కాజాలతో సహా, గుండీలతో సహా. వంక పెట్టడానికి ఒక్క కుట్టు లేదు.

ఇరవై నాలుగు డిగ్రీల్లో అతనికి ముచ్చెమటలు పోశాయి.

"ఎంత పని చేశారండీ!" అంది భార్య గుండెల మీద చెయ్యి వేసుకుని.

మాస్టారు కత్తెర కోసం తడుముకునేలోపే తలుపు తెరుచుకుంది. ప్రత్యేకాధికారి! ఆయన వెనక మెట్ల మీద కెమెరాలు వేసుకున్న పత్రికలవాళ్ళు. ఆయన చూపు తిన్నగా కోటు మీద పడింది. పరిగెత్తుకుంటూ వచ్చి దాన్ని రెండు చేతులతో పైకెత్తాడు.

"అయిపోయింది! సార్, లేవండి సార్! కోటు అయిపోయింది! పత్రికలవాళ్ళు కూడా ఉన్నారు, పర్యటన ఇప్పుడే కానిచ్చేద్దాం. గంటలో సామాను స్టోరుకి పంపించేస్తాను!"

"ష్! పిల్ల పడుకుంది" అన్నారు మంత్రిగారు బల్ల మీంచి లేస్తూ.

మంత్రిగారు కోటు అందుకుని కిటికీ దగ్గరికి నడిచారు. తెర కొంచెం తప్పించి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. కాలరు చూశారు. చేతులు చూశారు. లైనింగు తిరగేసి చూశారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. మాస్టారి భార్య ఉయ్యాల తాడు గట్టిగా పట్టుకుంది. మంత్రిగారు ఒకసారి ఉయ్యాల వైపు, ఒకసారి గోడ మీది మెషిన్ వైపు చూశారు. పత్రికలవాళ్ళకి వీపు తిప్పి, కోటుని మొహం దాకా ఎత్తి, దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికారు.

"మాస్టారూ, ఈ గుండీ ఊడిపోయింది" అన్నారు ఇటు తిరిగి, గుండీని అతని అరచేతిలో పెడుతూ. "తొందరేం లేదు. రేపు వస్తా."